నలభై ఒకటో వంగడంలో పసుపు

ఆగస్టు 19

నలభై ఒకటి పూతకు వచ్చింది. విత్తన మడిలో వరుసలన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి, పూత కూడా ఒకేసారి విచ్చుకుంది. ఏళ్ల తరబడి ఏరుతూ వచ్చిన మొక్కలు ఇలా ఒక తల్లి పిల్లల్లా నిలబడితే చూడటానికి తృప్తిగా ఉంటుంది. నవంబరులో విడుదల. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులుకు లొంగని బీన్స్, అదీ మన హోండురాస్ వంటిళ్లకు నచ్చే లేత ఎరుపు గింజతో. ఇంతకాలం ఈ రెండూ ఒకచోట కుదరలేదు.

మూడో వరుస చివర కొన్ని మొక్కల ఆకులు కొద్దిగా పసుపుగా ఉన్నాయి. మెగ్నీషియం లోపం. ఆ చివర నేలలో ఇసుక ఎక్కువ. మెగ్నీషియం సల్ఫేటు పిచికారీ చేయించమని ప్రయోగశాల సహాయకుడు నాహూన్‌కు చెప్పాను.

ఆగస్టు 20

వాన. పిచికారీ కుదరలేదు.

ఆగస్టు 22

మెగ్నీషియం లోపమైతే ముందు ముదురాకులు పసుపెక్కాలి. ఇక్కడ లేతాకులు పసుపెక్కాయి. కనుక ఇది ఇనుము లోపం. మొన్న తొందరపడ్డాను. ఇనుము ద్రావణం కొట్టించాను.

ఆగస్టు 25

పసుపు తగ్గలేదు. ఇనుము కొట్టి మూడు రోజులే అయింది, అప్పుడే తగ్గదు. పక్క మొక్కజొన్న చేలో పోయిన వారం కలుపుమందు చల్లారు. గాలి ఇటే వీచింది. అదీ ఒక కారణం కావచ్చు.

ఎందుకైనా మంచిదని పసుపు మొక్కల నుంచీ పచ్చ మొక్కల నుంచీ ఆకులు తీసి నిరోధకత ఉందో లేదో డీఎన్ఏలోని గుర్తును బట్టి చెప్పే మార్కర్ పరీక్ష మళ్లీ చేయించాను. జెల్ మీద అన్నింటికీ ఒకే గీత, ఒకే చోట, స్పష్టంగా పడింది. నిరోధక మొక్కకు పడవలసిన గీతే.

"ఈ నలభై ఒకటికి చేసినన్ని పరీక్షలు మా అత్తగారికి కూడా చేయించలేదండీ" అన్నాడు నాహూన్, జెల్ ఫొటో తీస్తూ. "ఆవిడకి చక్కెర, రక్తపోటు, గుండె. దీనికి ఏముందని?"

"ఏమీ లేదు" అన్నాను.

"ఏమీ లేకపోతే మరి ఎందుకు ఇంజినీరమ్మా?"

"ఏమీ లేదని తెలియడానికి."

ఆగస్టు 28

ఎల్ హికారో ఊరికి వెళ్లి వచ్చాను. దిగువ లోయలో వేడి ఎక్కువ. పొదలు కదిలిస్తే చాలు, తెల్లదోమ పొగలా లేస్తుంది. మా పరిశోధన కేంద్రం ఎత్తున ఉంది కనుక ఇక్కడ దోమ పలచన. పోయినేడు అక్కడ వేసిన చిన్న మళ్లలో కూడా తెగులు రాలేదు. వానలు ఎడతెగకుండా పడి ఆ ఏడు దోమే లేదు.

ఈసారి వానల మధ్య విరామంలో కాసిన ఎండకు వాళ్ల తొలకరి పంట మొత్తం పోయింది. విత్తనానికి కూడా మిగల్లేదు. జూలైలో మేం పంపిన నలభై ఒకటి మాత్రం దోన్య ఎర్లిందా ఇంట్లో రేకు గాదెలో భద్రంగా ఉంది. రైతు సంఘానికి ఆవిడే పెద్ద. మలి పంటకు ఊరంతటికీ అదే విత్తనం. సెప్టెంబరు చివర సాన్ మిగెల్ పండుగకు ముందే విత్తాలి.

వాకిట్లో కూర్చోబెట్టి క్వహాదా జున్నుముద్ద, వేడి రొట్టె పెట్టారు. పేరు మీద గొడవ నడుస్తోంది. వంగడానికి ఊరే పేరు పెట్టాలని మొదటినుంచీ ఒప్పందం.

"ఎర్ర రాణి అని పెడదాం" అంది దోన్య ఎర్లిందా.

"రాణి అంటే ఖర్చెక్కువ అనుకుంటారు, సంతలో ఎవరూ కొనరు" అన్నాడు దోన్ సిల్వెరియో. ఆయనకు ఊళ్లో అందరికన్నా దిగువన పొలం ఉంది. నాలుగు మాటల్లో మూడు వెక్కిరింపులు. "నా పేరు పెట్టండి. చిన్నది, గట్టిది, ఎక్కడ పారేసినా మొలుస్తుంది."

"నీ పేరు పెడితే ఉడకడానికి పూట పడుతుంది" అంది ఆవిడ. నవ్వులు.

వచ్చేటప్పుడు సిల్వెరియో బండి దాకా వచ్చి అడిగాడు, ఈసారి వెక్కిరింపు లేకుండా: "ఇంజినీరమ్మా, పోయినేటి ముందేడు నా చేను మొత్తం పసుపెక్కి బంగారం అయిపోయింది. ఇది అలా కాదుగా?"

"మార్కర్ ఉంది" అన్నాను.

నిజమే చెప్పాను. మార్కర్ ఉంది.

ఆగస్టు 30

పసుపు ఐదో వరుసలోనూ ఉంది.

సెప్టెంబరు 1

కలుపుమందు అయితే గాలి వచ్చిన వైపు ఎక్కువగా, దూరం పోయేకొద్దీ తక్కువగా ఉండాలి. అలా లేదు. ఒక మొక్క పసుపు, దాని పక్కది పచ్చ, మళ్లీ రెండు పసుపు, ఒకటి పచ్చ. నేలలో లోపం ఇలా మొక్కను ఎంచుకుని రాదు. పసుపు కూడా ఆకంతా పరుచుకోలేదు. ఆకు ఈనెల మధ్య మెరిసే పసుపు మచ్చలు, అంచు కిందికి ముడుచుకుని ఉంది.

ఇతర కారణాలను తోసిపుచ్చడం కోసం నలభై ఒకటి మొక్కలు కొన్నింటిని దోమ పంజరంలో పెట్టించాను. తెర కట్టిన గది. తెగులు మోసే తెల్లదోమను లోపల వదులుతాం. పక్కన తెగులు తప్పక పట్టే పాత నాటు రకం, తెగులు పట్టని నిరోధక తల్లి రకం. రెండు వారాల్లో తేలుతుంది. కేవలం తోసిపుచ్చడం కోసమే.

సెప్టెంబరు 4

బడి పిల్లలు స్వాతంత్ర్య దినోత్సవానికి డోళ్లు సాధన చేస్తున్నారు. పొద్దుటినుంచీ ఒకటే దరువు. జెల్ మళ్లీ చేయించాను. ఈసారి డీఎన్ఏ కొత్తగా తీసి చేశాం. గీత స్పష్టంగా ఉంది.

సెప్టెంబరు 5

గీత స్పష్టంగా ఉంది అని నిన్న రాశాను. చదివి చూస్తే అంతకు ముందు కూడా అదే రాశాను.

సెప్టెంబరు 9

తలనొప్పి. పంజరం వైపు వెళ్లలేదు. తెర ఊరికే తెరిస్తే దోమలు బయటికి పోతాయి.

సెప్టెంబరు 15

సెలవు. ఊరేగింపు. చెల్లెలు దునియా పిల్లల్ని తీసుకుని వచ్చింది. "అక్కా, నీ మొహం ఏంటి అలా ఉంది? ఎవరన్నా పోయారా?" అంది. విత్తనాల పని ఎక్కువగా ఉందన్నాను.

సెప్టెంబరు 17

పంజరం తెరిచాం. నాటు రకం మొత్తం పసుపు. తల్లి రకం మొత్తం పచ్చ. నలభై ఒకటిలో సగానికి పైగా పసుపు, మిగిలినవి పచ్చ.

నాహూన్ పసుపు మొక్కలన్నింటి నుంచీ ఆకులు తీసి, ఎవరూ చెప్పకుండానే జెల్ పెట్టాడు. గీతలు అన్నింటికీ ఉన్నాయి. వెలుగులో ఆ ఫొటోను ఇద్దరం చాలాసేపు చూశాం.

"యంత్రం అబద్ధం చెప్పదు కదండీ" అన్నాడు చివరికి.

"చెప్పలేదు. మనం అడిగిన దానికి జవాబు చెప్పింది" అన్నాను.

పల్లాకు తెగులు. ఆగస్టు పందొమ్మిది నుంచీ ఇది పల్లాకు తెగులే.

సెప్టెంబరు 18

కారణం స్పష్టమే. మార్కర్ జన్యువు కాదు, జన్యువుకు పక్కన ఉండే గుర్తు. నూటికి తొంభైకి పైగా రెండూ కలిసే పిల్లకు పోతాయి. ఎప్పుడో ఒకసారి విడిపోతాయి. మేం నలభై ఒకటికి తల్లిగా ఎంచుకున్న ఆ ఒక్క మొక్కలో, రెండు ప్రతుల్లో ఒకదానిలో అలా విడిపోయింది. గుర్తు రెండింటిలోనూ ఉంది, జన్యువు ఒకదానిలోనే ఉంది. నిరోధకత రావాలంటే రెండింటిలోనూ ఉండాలి. అందుకే దాని సంతానంలో కొన్ని పచ్చ, కొన్ని పసుపు. జెల్‌కు మాత్రం అందరూ ఒకటే. మొదట్లోనే పంజరంలో పెట్టి ఉంటే తెలిసేది. పంజరం అక్కర్లేకుండా చేయడానికే కదా మార్కర్ అని అనుకున్నాం.

ముప్పై ఎనిమిది గుర్తొచ్చింది. అదే కలయిక, వేరే తల్లి మొక్క. గింజ కాస్త ముదురు ఎరుపని పక్కన పెట్టాం. అందులో జన్యువు నిక్షేపంగా ఉండి ఉంటుంది. చల్లని గది అరలన్నీ వెతికాను. తర్వాత అర్థమై వంటశాలకు వెళ్లాను. మా కేంద్రంలో తీసేసిన వరుసలన్నీ వంటశాలకే పోతాయి. నేను ఇక్కడ చేరకముందు నుంచీ అదే పద్ధతి.

"చేలా, ముప్పై ఎనిమిది అని రాసిన సంచి ఇక్కడికి వచ్చిందా?"

వంట చేసే చేలా గరిట పట్టుకునే ఆలోచించింది. "ముప్పై ఎనిమిదా? ఈస్టరు ముందు పవిత్ర వారంలో వండాను. అయ్యో ఇంజినీరమ్మా, ఎంత చిక్కటి చారు దిగిందనుకున్నారు! డైరెక్టరు గారు రెండు గిన్నెలు తాగారు. మీరూ తాగారు కదా, గుర్తు లేదా?"

గుర్తుంది. బాగుందని చెప్పాను కూడా.

"ఇంకా ఉందా?"

"గింజ కూడా లేదు. కావాలంటే నలభై రెండు ఉంది, కానీ అది ఉడకదు, మొండిఘటం."

సెప్టెంబరు 19

డైరెక్టరు కార్కమో గారికి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ తలుపు వేశారు.

"ఎంత భాగం పోతుంది?"

"దోమ ఎక్కువగా ఉంటే సగానికి పైగా."

"అయితే సగానికి దగ్గరగా బాగున్నట్టే కదా."

"బాగున్నవి ఏవో విత్తేటప్పుడు తెలియదు సార్. మార్కర్ చెప్పలేదు. దోమ మాత్రమే చెబుతుంది."

మరో నిరోధక వంగడం విత్తనం దొరుకుతుందేమోనని నా ముందే మూడు చోట్లకు ఫోను చేశారు. ఎండ దేశమంతటా పడింది. ఎక్కడా లేదు. అప్పుడు అన్నారు: "విత్తనానికి పట్టించే పురుగుమందు ఇస్తాను, తీసుకెళ్లు. దోమ కొన్నాళ్లు ఆగుతుంది. వాళ్లు ఎటూ విత్తాలి, వేరే విత్తనం లేదు. నవంబరు కార్యక్రమం అయ్యాక నిదానంగా చెప్పు. చూడు బెల్కిస్, నేను అబద్ధం చెప్పమనడం లేదు. ఆలస్యంగా చెప్పమంటున్నాను."

ఆయన చెడ్డవాడు కాదు. గాజు ఇంటి కప్పు ఎగిరిపోయినప్పుడు తన జీతం లోంచి ముందుగా ఇచ్చి కట్టించాడు. నవంబరులో విడుదల జరగకపోతే వచ్చే ఏడు నాహూన్ ఉద్యోగానికి నిధి ఉండదు. అది ఆయన చెప్పలేదు. నాకే తెలుసు.

మందు డబ్బాలు బండిలో పెట్టించారు.

సెప్టెంబరు 20, ఉదయం

మందు పట్టిస్తే విత్తనానికి నెల రోజుల రక్షణ. నెల రోజులు తక్కువేమీ కాదు. లేతగా ఉన్నప్పుడు తెగులు తగలకపోతే నష్టం తగ్గుతుంది. వాళ్లు ఎటూ విత్తాలి. చెప్పినా వేరే విత్తనం లేదు. చెప్పడం వల్ల వాళ్లకు కలిగే లాభం ఏమిటి?

సెప్టెంబరు 20, మధ్యాహ్నం

నెల దాటాక పూత. తెగులు ఎక్కువ దెబ్బ తీసేది అప్పుడే.

ఉదయం రాసినదాన్ని కొట్టివేయడం లేదు. అలా ఉండనిస్తాను.

ఇంకో లెక్క చూశాను. నలభై ఒకటిలో పచ్చగా నిలిచేవి శుద్ధమైనవి. వాటికి రెండు ప్రతుల్లోనూ జన్యువు ఉంది. బీన్స్ తన పూతతో తానే ఫలదీకరణం చెందుతుంది కనుక వాటి పిల్లలు కూడా పచ్చగానే ఉంటాయి. అంటే పసుపువి అన్నీ పీకేస్తే మిగిలేది నిజమైన నలభై ఒకటి. కానీ ఏది పసుపో తేలాలంటే దోమ దండిగా ఉండాలి. ఇక్కడ లేదు. పంజరంలో కొన్ని పదుల మొక్కలే పడతాయి. దోమ దండిగా ఉన్నది ఎల్ హికారోలో. ఈ వంగడాన్ని శుద్ధి చేయగల చోటు, అది నష్టం కలిగించే చోటు ఒకటే.

అది కూడా మందు పట్టిస్తే కుదరదు. మందు పెడితే తెగులు ఆలస్యంగా బయటపడుతుంది, ఏది ఏదో తెలిసేసరికి కోత వచ్చేస్తుంది.

కాబట్టి చెప్పకుండా చేయగలిగినది ఏదీ లేదు. అయితే ఇది చెప్పడానికి నాకు ఒక లెక్క ఎందుకు కావలసి వచ్చింది?

సెప్టెంబరు 21, ఆదివారం

ప్రార్థన అయ్యాక గుడి పక్క చావడిలో కూర్చున్నారు. దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఒకరు. నేను నిలబడే చెప్పాను.

"ఒక ఇంట్లో మనిషి ఉన్నాడో లేడో మనకు కనబడదు. పక్కింట్లో దీపం కనబడుతుంది. ఆ దీపం వెలిగితే ఈయన ఇంట్లో ఉన్నట్టేనని మేం లెక్క వేసుకున్నాం. ఎప్పుడూ అలాగే ఉండేది. మీ విత్తనంలో అన్ని గింజల్లోనూ దీపం వెలుగుతోంది. సగం గింజల్లో మనిషి లేడు."

 ఒక పిల్ల ఏడిస్తే తల్లి బయటికి తీసుకెళ్లింది.

"అంటే పోతుందా?" అంది దోన్య ఎర్లిందా.

"సగానికి పైగా పసుపెక్కుతుంది. మిగతాది నిలుస్తుంది."

"ఏ సగం?"

"ఇప్పుడు తెలియదు."

సిల్వెరియో లేచాడు. "పోయిన నెల నేను అడిగానా లేదా? బండి దగ్గర. మార్కర్ ఉందన్నారు మీరు."

"అన్నాను."

"మార్కర్ తింటారా? మార్కర్ ఉడకబెడతారా? ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఒక అంకె పట్టుకుని వస్తారు. ముప్పై, నలభై, నలభై ఒకటి. లాటరీ వాడు నయం, ఓడిపోయావని ఆ సాయంత్రమే చెబుతాడు."

కొందరు నవ్వబోయి ఆపుకున్నారు.  

దోన్య ఎర్లిందా నన్ను ఎప్పుడూ మీరు అనే పిలుస్తుంది. ఈసారి అనలేదు. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"బుధవారం నిర్ధారణ అయింది." ఆపి, మళ్లీ చెప్పాను: "ఆగస్టు నుంచీ చూస్తున్నాను. కాదని అనుకుంటూ వచ్చాను."

"మరి ఇప్పుడు ఎందుకు చెప్పావు? మాకు వేరే గింజ లేదు. చెప్పకపోతే ఈ వారం రోజులన్నా నవ్వుతూ విత్తేవాళ్లం."

అప్పుడు పీకడం గురించి చెప్పాను. గుంటకు ఒకటి కాకుండా మూడు గింజలు వేయాలి. పసుపెక్కింది ఎక్కినట్టే పీకేయాలి. మూడింటిలో ఒక్కటన్నా పచ్చగా నిలిచే గుంటలే ఎక్కువ. మిగిలినవి పండిస్తే వచ్చే ఏటికి ఊరి విత్తనం శుద్ధమవుతుంది. కానీ గాదెలో ఉన్న గింజ అప్పుడు మూడో వంతు భూమికే సరిపోతుంది. మిగతాది ఈ ఏడు బీడు, లేదా మొక్కజొన్న. నేను వారం వారం వస్తాను.

వాదన చాలాసేపు సాగింది. ఎవరి చేలో సగం, ఎవరి చేలో పూర్తి, నీళ్లు ఎవరివి, కాపలా ఎవరిది. చివరికి గుడి వెనక ఉమ్మడి భూమిలో అందరూ కలిసి విత్తడానికి, పండింది ఇంటింటికీ సమానంగా పంచుకోవడానికి ఒప్పుకున్నారు. సిల్వెరియో ఒప్పుకోలేదు.

"నా వాటా నాకు కొలిచి ఇవ్వండి. నా చేలో నేను వేసుకుంటాను. గుంటకు ఒకటే. ఒక్క మొక్కా పీకను. పీకడానికా విత్తేది?"

కొలిచి ఇచ్చారు. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. దోన్య ఎర్లిందా నాకు కాఫీ ఇచ్చింది. మాట్లాడలేదు, కానీ ఇచ్చింది.

సెప్టెంబరు 22

మందు డబ్బాలు కార్కమో గారికి తిరిగి ఇచ్చాను. ఆయన చాలాసేపు డబ్బాల వంకే చూశారు. "నవంబరు జాబితా లోంచి తీసేస్తున్నాను" అన్నారు. తీసేశారు. నాహూన్ సంగతి అడిగాను. చూద్దాం అన్నారు.

సెప్టెంబరు 26

విత్తాం. కండెలు ఎండడానికి వంచి వదిలిన మొక్కజొన్న కర్రల మధ్య గడ్డపారలతో గుంటలు, గుంటకు మూడేసి. ఆడవాళ్లు నడుముకు కట్టిన సంచుల్లోంచి వేస్తూ వచ్చారు. నేనూ ఒక వరుస వేశాను. నడుము పట్టేసింది.

అక్టోబరు 13

ఉమ్మడి చేలో మొదటి పసుపు.

అక్టోబరు 14

ఎవరూ పీకడం లేదు. చేను చుట్టూ నిలబడి చూస్తున్నారు. ప్రాణమున్న మొక్కను, ఇంకా ఎదుగుతున్నదాన్ని పీకడం వీళ్ల చేతులకు రాదు. నాకు అది ఏళ్ల తరబడి అలవాటైన పని. ఇక్కడ మాత్రం చేయి ఆడలేదు.

చివరికి దోన్య ఎర్లిందా నడుం బిగించింది. "పక్కవాళ్లకి అంటిస్తుంది ఈ పిల్ల" అని తనలో తాను అనుకుంటూ మొదటిది లాగింది. వేళ్ల దగ్గర మట్టి దులిపి గట్టు మీద పెట్టింది, పారేయలేదు. తర్వాత మిగతావాళ్లు దిగారు. పక్క గుంటల్లోని పచ్చవి కదలకుండా మొదలు పట్టుకుని లాగడం చూపించాను. "ఇదా, ఇదా?" అని నలువైపుల నుంచీ పిలుపులు. సాయంత్రానికి గట్టు మీద పసుపు మోపు.

దోన్య ఎర్లిందా నన్ను మళ్లీ మీరు అనడం మొదలుపెట్టింది. గౌరవమో దూరమో తెలియలేదు.

అక్టోబరు 21

మళ్లీ వెళ్లాను. ఈసారి పీకవలసినవి ఇంకా ఎక్కువ. గుంటల్లో సగం వరకు ఒక్కటే మిగిలింది, కొన్ని ఖాళీ. మిగిలినవి బలంగా ఉన్నాయి. ఆకులు తెచ్చి నాహూన్‌కు ఇచ్చాను. గీత అన్నింటికీ ఉంది, ఎప్పటిలాగే. ఇప్పుడు దాన్ని చూసి ఏమీ అనిపించదు. కొత్త మార్కర్, జన్యువుకు ఇంకా దగ్గరగా ఉన్నది, వెతకాలి. నాహూన్ అప్పుడే చదవడం మొదలుపెట్టాడు. ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. అడిగితే "ఉన్నన్ని రోజులు చేస్తానండీ, అత్తగారి ఇంటికంటే ఇదే నయం" అంటాడు.

సిల్వెరియో చేను దారి నుంచే కనబడుతోంది. దిగువన ఉంది కనుక దోమ ముందు అక్కడే దిగుతుంది. మిట్ట మీది నుంచి చూస్తే పచ్చ కంటే పసుపే ఎక్కువగా కనబడింది. ఆయన గట్టు మీద నిలబడి ఉన్నాడు. నేను చేయి ఎత్తాను. ఆయన ఎత్తలేదు.

అక్టోబరు 28

ఉమ్మడి చేను పూతకు వచ్చింది. నిలిచినవి నిలిచినట్టే ఉన్నాయి. కోత సగం పంటే అవుతుంది. వచ్చే ఏటి విత్తనం అందులోనే తీయాలి, తినడానికి మిగిలేది కొద్దిగా. దోన్య ఎర్లిందా ఆ సంగతి నాకు చెప్పలేదు, నేనే లెక్క వేసుకున్నాను. చెబితే "మాకు తెలియదా" అని ఉండేది.

నవంబరు 4

దారిలో సిల్వెరియో అడ్డంగా నిలబడి ఉన్నాడు. బండి ఆపాను. చేతిలో ఒక మొక్క, వేళ్లతో సహా. పలకరింపు లేదు.

"ఇది చూడండి. ఇది ఆ తెగులేనా, ఎండకా?"

చూశాను. ఆకు ఈనెల మధ్య పసుపు, ముడుచుకున్న అంచులు.

"తెగులే."

"కాయ పట్టింది."

"రెండు మూడు పడతాయి. ముడుచుకుపోతాయి. పీకకపోతే వీటి గింజ పచ్చవాటి గింజలో కలుస్తుంది. అప్పుడు శుద్ధమైన విత్తనం మిగలదు."

ఆయన కాయను బొటనవేలితో నొక్కి చూశాడు. లోపల ఏమీ లేదు.

"నా చేలో పచ్చవి ఎన్ని ఉన్నాయనుకుంటున్నారు?"

"ఉన్నాయి. దారి నుంచి చూశాను."

"చూస్తూనే ఉన్నారన్నమాట." కాసేపు నేల చూపులు చూశాడు. "రండి. ఒక్కణ్ణే పీకితే మా ఆవిడ రేపటి వరకూ తిడుతుంది. మీరు పీకారని చెబుతాను."

"చెప్పండి."

చెరొక వరుస పట్టాం. మొదటి వరుసలో ప్రతి మొక్క దగ్గరా ఆగి అడిగాడు, "ఇదా?" అని. అవునంటే ఒకసారి నా మొహం చూసి, అప్పుడు లాగేవాడు. కాదంటే దాని మొదట్లో మట్టి అదిమి వదిలేవాడు. రెండో వరుసలో అడగడం తగ్గింది. ఒకటి మాత్రం నిండా పూసి ఉంది. దాని దగ్గర చాలాసేపు కూర్చున్నాడు.  లాగాడు.

మూడో వరుసలో అడగలేదు. నేనూ ఆయన చేతుల వంక చూడటం మానేసి, నా వరుస చూసుకున్నాను.